ఎండాకాలపు కుంటలో గాలం: కొంత చరిత్ర, ఒక కౌలు షరతు

ఈ మధ్య మన సంఘ సభ్యుల ఇండ్లలో ఒకే రకం ఫోటో తరచుగా కనిపిస్తున్నది. అమెరికాలో ఉన్న కొడుకో, అల్లుడో, మనుమడో ఒక చిన్న చెరువు గట్టున నిలబడి, చేప కింది పెదవిని బొటనవేలితో పట్టుకుని పైకెత్తి చూపిస్తుంటాడు. చేప ఆకుపచ్చగా ఉంటుంది. నోరు మాత్రం శరీరానికి మించిన నోరు. దాని పేరు లార్జ్‌మౌత్ బాస్. ఫోటో తీసిన మరుక్షణం దాన్ని తిరిగి నీళ్ళలో వదిలేస్తారని తెలిసి మన ఇండ్లలో ఆడవాళ్ళు ఆశ్చర్యపోతారు. పట్టినదాన్ని వదలడమెందుకు, వదిలేదానికి పట్టడమెందుకు అని. ఆ ప్రశ్నకు జవాబు వెతకబోతే అది మన కోడుమూరు కుంటల దాకా, మనం రాసిన కౌలు కాగితాల దాకా వచ్చింది. అందుకే ఈ వ్యాసం.

బాస్ ఉత్తర అమెరికా సొత్తు. 1881లో జేమ్స్ హెన్‌షల్ అనే డాక్టరు ఆ జాతి చేపల గురించే ఒక పెద్ద పుస్తకం రాశాడు. 1930ల నుంచి అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ వ్యవసాయ కళాశాలలో స్వింగిల్ అనే ఆచార్యుడు రైతుల పొలాల్లోని చిన్న కుంటల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. ఒక కుంటలో బ్లూగిల్ అనే చిన్న చేప, దాన్ని తినే బాస్, రెండూ తగిన పాళ్ళలో ఉంటేనే ఆ కుంట ఏటేటా చేపనిస్తుందని తేల్చాడు. వేటాడే చేపను పూర్తిగా ఊడ్చేస్తే చిన్న చేపలు పుట్టలు పుట్టలుగా పెరిగి, మేత చాలక ఒక్కటీ ఎదగదు. ఇదే బాస్‌ను 1925లో జపాన్‌లోని ఆషి సరస్సుకు తీసుకుపోయి వదిలారు. అక్కడ దేశమంతా పాకి స్థానిక చేపలను తినేస్తుంటే, 2005లో అమలులోకి వచ్చిన చట్టం కింద దాని రవాణాను, పెంపకాన్ని నిషేధించవలసి వచ్చింది. తన నీటిలో కాపలాదారు, పరాయి నీటిలో దొంగ అన్నమాట.

మన కుంటల్లో ఆ కాపలాదారు ఉద్యోగం ఎవరిది? కొర్రమీనుది. దాని చిన్న తమ్ముడు మట్టగిడసది. బాస్‌కూ కొర్రమీనుకూ చుట్టరికం లేదు గానీ స్వభావం ఒకటే. రెండూ గడ్డిలో, నాచు చాటున దాక్కుని కదలకుండా కాచుకుంటాయి. కప్ప, చిన్న చేప, తూనీగ, ఏది దగ్గరకొచ్చినా ఒక్క దూకుతో మింగుతాయి. రెండూ తమ పిల్లలను కాపాడుకుంటాయి. బాస్‌లో తండ్రి మాత్రమే గూటి దగ్గర కాపలా ఉంటాడు. కొర్రమీనులో తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటారు. 2014లో ఏర్పడిన తెలంగాణ ఆ తరువాత కొర్రమీనును తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది.  మన వైపు దానికి ధర కూడా దక్కింది.

ఇక ఎండాకాలం సంగతి. కోడుమూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాన్ని గూర్చి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. హంద్రీ నది మాఘం దాటితే ఇసుక, అక్కడక్కడ మడుగులు. ఊరి కుంట చైత్రానికి సగానికి, వైశాఖానికి నడుముల లోతుకు, జ్యేష్ఠానికి మోకాలి లోతుకు దిగుతుంది. నీరు తగ్గడమొక్కటే కాదు, ఉన్న నీటిలో ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగుతుంది. పగలు నాచు, పాచి ఎండను పట్టుకుని ప్రాణవాయువును విడుస్తాయి. రాత్రి అవే దాన్ని తీసుకుంటాయి. కనుక తెల్లవారుజామున, పొద్దు పొడవబోయే ముందు, కుంటలో గాలి అతి తక్కువగా ఉంటుంది. బొచ్చె, రోహు నోళ్ళు పైకి పెట్టి గుటకలు వేసేది అప్పుడే. ఆ గుటకలు చూసి "ఆకలి మీద ఉన్నాయి" అనుకుని గాలం వేసేవారున్నారు. అవి ఆకలి గుటకలు కావు, ఊపిరి గుటకలు. అప్పుడు ఏ ఎర వేసినా ముట్టవు.

కొర్రమీనుకు ఈ బాధ లేదు. దానికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చే గది ఒకటి ఉంది. కొద్ది నిమిషాలకొకసారి పైకి వచ్చి గాలి మింగిపోవాలి. రాకుండా ఆపితే మంచి నీటిలోనైనా చచ్చిపోతుంది. అందుకే నీరు ఎండి బురద మిగిలినా, ఆ తడి ఉన్నన్నాళ్ళు బురదలో కూరుకుని బతుకుతుంది. సంతలో తడిగోనెలో చుట్టి పెట్టినా సాయంత్రం దాకా కదలడానికి కారణం ఇదే. గాలం పట్టేవాడికి ఈ ఊపిరే ఆధారం. ఎక్కడ "గుబుక్" మని బుడగ లేచిందో అక్కడ చేప ఉంది. రెండుసార్లు అక్కడే లేస్తే అది దాని నివాసం.

ఈ విద్య మన ప్రాంతానికి ఈనాటిది కాదు. తుంగభద్ర ఇరుగట్లను ఏలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో, 1130 ప్రాంతంలో, మానసోల్లాసమనే సంస్కృత గ్రంథం రచించాడు. రాజనీతి, వైద్యం, వంట, సంగీతం అన్నీ ఉన్న ఆ గ్రంథంలో మత్స్యవినోదమని ఒక భాగం ఉంది. అందులో ముప్పై పైచిలుకు రకాల చేపల పేర్లు, ఏ చేపకు ఏ మేత, కర్ర ఎట్లుండాలి, దారం ఎట్లుండాలి, ముందుగా ఒకచోట మేత వేసి చేపను అలవాటు చేయడమెట్లా అన్నదంతా ఉంది. ప్రసిద్ధ మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగంపై ప్రత్యేకంగా వ్యాసం రాసి శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రాజుగారి వినోదమే అయినా, రాజుకు చెప్పింది బెస్తవాడే అయి ఉండాలని నా ఊహ. సింహాసనం మీద కూర్చున్నవాడికి ఎర్రల సంగతి ఇంకెట్లా తెలుస్తుంది?

తెల్లదొరలు వచ్చిన తరువాత హెన్రీ సల్లివన్ థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి 1873లో మన నదుల గాలం వేట మీద ఒక పుస్తకం, 1887లో ప్రత్యేకంగా చెరువుల గాలం వేట మీద మరొక పుస్తకం రాశాడు. కలెక్టరు ఉద్యోగం చేసుకుంటూ చెరువు గాలానికి ఒక పుస్తకం కేటాయించాడంటే ఆ రోజుల్లో ఆఫీసు పని ఎంత నెమ్మదో మనం ఊహించుకోవచ్చు. 1897లో భారత మత్స్యచట్టం వచ్చింది. నీటిలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం దానితో నేరమైంది. 1907లో మద్రాసులో ఏర్పడిన మత్స్యశాఖ బ్యూరోకు మూలపురుషుడు సర్ ఫ్రెడరిక్ నికల్సన్. సహకార పరపతి సంఘాలపై నివేదిక రాసిన నికల్సన్ ఈయనే. సివిల్ సర్వీసు నుంచి రిటైరైన తరువాత ఈ పనిలోకి దిగాడు. ఈ మాట మన సంచికలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ శాఖ తొలినాళ్ళలో, 1911 ప్రాంతంలో, చేపల క్షేత్రం నెలకొల్పిన చోట్లలో కె.సి. కాలువ మొదలయ్యే మన సుంకేసుల ఒకటి. కోడుమూరుకు అది దూరపు ఊరేమీ కాదు.

గాలపు సామాను విషయం కొంచెం వివరంగా చెబుతాను. ఇప్పటి పిల్లలకు ఇది తెలియదు. కర్ర వెదురుది. పన్నెండు పదిహేను అడుగులు, కొస సన్నగా ఉండి వంగాలి గానీ విరగకూడదు. దారానికి మన ప్రాంతంలో కరువు లేదు. ఆదోని పత్తి ఉంది. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతపనివారి సహకార సంఘం స్థాపించిన తరువాత నూలు ఇంటింటికీ వచ్చింది. నాలుగైదు పోగులు పేని, కుళ్ళకుండా చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి ఎండబెట్టేవారు. బెండుకు జొన్నదంటు లోపలి మెత్తటి బెండే సరిపోతుంది. జొన్న లేని ఇల్లు మన వైపు లేదు కదా. తేలికగా కావాలంటే నెమలి ఈక కాడ. కొక్కెం మాత్రం కొనవలసిందే. నార్వే దేశపు ముస్తాద్ కొక్కేలు సంతల్లో దొరికేవి. దొరకని చోట కమ్మరి కొలిమిలో సాగదీసిన తీగతో చేసినవే గతి. వాటికి లోపలి ముల్లు సరిగా కుదరక, పడిన చేపల్లో సగం జారిపోయేవి.

1938లో అమెరికాలో నైలాన్ బయటికొచ్చింది. మన ఊళ్ళకు అది చేరేసరికి ఇరవై ముప్పై ఏళ్ళు పట్టింది. చేరిన తరువాత నూలు దారం కనిపించలేదు. నీటిలో కనబడదు, కుళ్ళదు, గట్టిది. అయితే తెగి కుంటలో మిగిలిపోయిన నైలాను దారం ఎన్నేళ్ళకూ కరగదు. కొంగల కాళ్ళకు, బర్రెల గిట్టలకు చుట్టుకుంటుంది. నూలు దారానికి ఆ పాపం లేదు.

ఎండాకాలం కుంటలో కొర్రమీనుకు గాలం వేసే పద్ధతి ఇది. పొద్దు పొడిచాక ఒక గంట, మళ్ళీ సాయంత్రం గొడ్లు ఇంటికి తిరిగే వేళ. మిట్టమధ్యాహ్నం వేస్తే తుమ్మచెట్టు నీడ పడే చోటో, జమ్ము దట్టంగా ఉన్న చోటో మాత్రమే. మన నీడ నీటి మీద పడకూడదు. అందుకని సూర్యుడికి ఎదురుగా నిలబడాలి. కళ్ళు మండినా సరే. బరువు అడుగులు వేస్తే గట్టు అదిరి చేప జారుకుంటుంది. ఎండాకాలం లోతు నీటిలో చేప ఉంటుందని చాలామంది అనుకుంటారు. గాలి ఆడని చిన్న కుంటలో అడుగునీటికి ప్రాణవాయువు అందదు. లోతులో చల్లదనం ఉన్నా ఊపిరి ఉండదు. కనుక చేప నాచు అంచున, మూడు నాలుగడుగుల నీటిలోనే ఎక్కువ. ఈ సూత్రం బాస్‌కూ అంతే. అమెరికా పిల్లలు ఎండాకాలం తెల్లవారుజామున, మసకచీకటిలో, గడ్డి అంచునే గాలం వేసేది ఇందుకే.

బెండు, సీసపు గుండు రెండూ అక్కరలేదు. దారం కర్రంత పొడవుంటే చాలు. నాచు మధ్య బానమూతంత ఖాళీ ఉన్న చోట ఎరను నీటికి తాకీ తాకనట్టు ఆడించాలి. కప్ప దూకి ఆగి, మళ్ళీ దూకినట్టు. కొర్రమీను పట్టిన వెంటనే లాగకూడదు. అది నోటితో పట్టి, తిప్పుకుని, మింగబోతూ వెనుదిరుగుతుంది. అప్పుడు దారం పక్కకు పాకుతుంది. అప్పుడే ఒక్క గుంజు. ఆ తరువాత ఆగకూడదు. ఒక్క క్షణం వదులు ఇచ్చిందంటే నాచులో చుట్టుకుని దారం తెంపుతుంది. మట్టగిడసకైతే ఇంత పని లేదు. చిన్న కొక్కెం, వానపాము, జొన్నబెండు చాలు. పిల్లలు మొదట నేర్చుకునేది దానితోనే.

పూర్వం బతికిన కప్పనే కొక్కేనికి గుచ్చేవారు. చూడలేని పని. కప్పలు తగ్గిపోయి పొలాల్లో పురుగు పెరుగుతున్నదని 1987లో కేంద్ర ప్రభుత్వం కప్పకాళ్ళ ఎగుమతినే నిలిపివేసింది. ఇప్పుడు రబ్బరు కప్ప వచ్చింది. లోపల గుల్లగా ఉండి, రెండు కొక్కేల ముళ్ళు దాని వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి. గడ్డి మీద లాగినా తగులుకోదు. చేప కరిచి నొక్కినప్పుడే ముళ్ళు బయటపడతాయి. ఇది అమెరికాలో బాస్ కోసం వాడే సామాను. ఇప్పుడు మన దేశంలో కొర్రమీను కోసం కొంటున్నారు. రెండు చేపల స్వభావం ఒకటేనని దుకాణదారుడు మనకంటే ముందే కనిపెట్టాడు!

కుంటలో కొర్రమీను మిగలకపోవడానికి గాలం కారణం కాదు. గాలంతో ఒక మనిషి రోజంతా కూర్చున్నా రెండో మూడో పడతాయి. అసలు కారణం మన లెక్కల సంవత్సరంలో ఉంది. రెవిన్యూలో పనిచేసినవారికి ఫసలీ అంటే చెప్పనక్కరలేదు. కుటుంబసభ్యుల కోసం చెబుతున్నాను. ఫసల్ అంటే పంట. మొగలాయీల కాలం నాటి పంట సంవత్సరమిది. మద్రాసు రాజధానిలో 1855 నుంచి దాన్ని జులై 1న మొదలై జూన్ 30తో ముగిసేట్టు స్థిరపరిచారు. 2025 జులైలో మొదలైనది 1435వ ఫసలీ. శిస్తుకు అది బాగానే ఉంది. చిన్న చెరువుల చేపల హక్కు గ్రామపంచాయతీలది. ఆ కౌలు కూడా ఇదే లెక్కన జూన్ 30తో ముగిసే ఆనవాయితీ ఏర్పడింది.

దీని ఫలితం చూడండి. కౌలుదారుడికి గడువు ముగిసేది నడి ఎండాకాలం చివర. నీరు ఆఖరి అడుగుకు దిగేది కూడా అప్పుడే. జులై 1 తరువాత కుంటలో మిగిలిన ప్రతి చేపా తరువాతి పాటదారుడిది. కనుక మే, జూన్ నెలల్లో ఇంజను పెట్టి నీళ్ళు తోడి, బురద కూడా కలియబెట్టి చివరి చేప దాకా తీస్తాడు. అతన్ని తప్పు పట్టలేం. పాట సొమ్ము కట్టినవాడు. డీజిలు ఇంజన్లు రాకముందు ఇది సాధ్యమయ్యేది కాదు. గూడలతో ఎంత చల్లినా అడుగున ఒక దొరువు మిగిలేది. ఆ దొరువులో నాలుగు జతల కొర్రమీన్లు బతికేవి. తొలకరి పడగానే అవి గట్టు వార గడ్డిలో చోటు చేసుకుని గుడ్లు పెట్టేవి. ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా. ఆ పిల్లలే మరుసటి సంవత్సరపు పంట. కౌలు కాగితం సరిగ్గా ఆ జతలను, వాన పడడానికి వారం పది రోజుల ముందు, తీసుకుపోతున్నది.

మరి కుంటల్లో చేపలు లేకుండా పోయాయా అంటే లేదు. బొచ్చె, రోహు ఉన్నాయి. అవి నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వరద నదిలోనే పెడతాయి. 1957 జులై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి చేపకు పిట్యూటరీ గ్రంథి ద్రావణం సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాడు. అప్పటినుంచి పిల్లను కొని వదలడం, పెంచి పట్టడం అలవాటైంది. ఏటా కొత్త విత్తనం కొనేవాడికి కుంటను ఖాళీ చేసినా నష్టం లేదు. పైగా కొర్రమీను మిగిలి ఉంటే తాను వదిలిన పిల్లలను తింటుందని దాన్ని ఏరివేస్తాడు కూడా. ఇక 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, అంటే జిలేబి చేప, ఏ కుంటలో పడినా పుట్టగొడుగుల్లా పెరుగుతున్నది. దాన్ని పెంచవద్దని 1959లోనే నిర్ణయించారు. కాగితం మీద నిర్ణయం ఒకటి, కాలువల్లో జరిగేది ఒకటి. జిలేబి పిల్లలను తిని అదుపులో పెట్టగలిగేది మళ్ళీ ఆ కొర్రమీనే. స్వింగిల్ చెప్పిన లెక్క ఇదే కదా.

1953లో పూర్తయిన తుంగభద్ర డ్యాము దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు వచ్చింది. దానితో మంచినీటికి వేసవి నిల్వ చెరువులు వచ్చాయి. కాలువ కట్టేసే ముందు వాటిని నింపుతారు. కాలువ నీటితో చేపపిల్లలూ వస్తాయి. కానీ అవి తాగునీళ్ళు. అక్కడ గాలం వేయడం సరికాదు. కనుక ఊరి కుంట తప్ప గాలానికి వేరే చోటు లేదు. హంద్రీ మీద గాజులదిన్నె దగ్గర కట్టిన సంజీవయ్య సాగరం పెద్దది, అక్కడ వలల పని. పిల్లవాడు వెదురు కర్రతో కూర్చునే చోటు కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. టెక్సాస్ రాష్ట్రంలో లార్జ్‌మౌత్ బాస్‌కు సాధారణ నియమం 14 అంగుళాలు. అంతకు చిన్నది పడితే వదిలివేయాలి. రోజుకు ఒక మనిషి ఉంచుకోదగినవి 5. పదిహేడేళ్ళు నిండినవాడు లైసెన్సు కొనాలి. మన మనుమడు చేపను వదిలింది జాలితో మాత్రమే కాకపోవచ్చు, కొలబద్దతో కొలిచి వదిలి ఉంటాడు. చిన్న కుంటకు ఇంత చట్టం మన దగ్గర కుదరదు. ఎవరు కొలుస్తారు? అయితే మన దగ్గర కౌలు షరతుల కాగితం ఉంది. అందులో ఎన్నో షరతులు మనమే చేతితో రాశాం. గట్టు తవ్వరాదు, తూము మూయరాదు, గొడ్లను అడ్డగించరాదు అని. ఇంకొక షరతు చేర్చడానికి ప్రత్యేక చట్టం, బడ్జెట్ అక్కరలేదు.

నేను సూచించే షరతు ఇది: "కౌలుదారుడు కుంటలోని మిక్కిలి లోతైన భాగమున, ఉభయులు గుర్తించి రాళ్ళు పాతిన మేర, మే 1 నుంచి జూన్ 30 వరకు నీరు తోడరాదు, వల వేయరాదు. సదరు మేర మినహా మిగతా కుంటలో చేప పట్టుకొనుటకు అభ్యంతరము లేదు. గ్రామస్థులు సొంత వాడకమునకు ఒంటి కర్ర, ఒంటి కొక్కెముతో గాలము వేసుకొనుటను కౌలుదారుడు అడ్డగించరాదు." భాష పాతదైనా అర్థం తెలియనిది కాదు. దీనివల్ల పాట సొమ్ము కొంత తగ్గవచ్చు. ఎంత తగ్గుతుందన్నది ఆ ఊరి పాటలోనే తేలాలి.

వేలం ప్రకటన వెలువడిన తరువాత షరతులు మార్చడం కష్టమని మనకందరికీ తెలుసు. సొంత ఊళ్ళలో ఉంటున్న సభ్యులు ఉగాది దాటగానే పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇచ్చి, తీర్మానంలో పెట్టించవలసి ఉంటుంది. అర్జీకి రసీదు తీసుకోవడం మరువవద్దు.